వెనక్కి నడిచే దళం

మొదటి రోజు, కొత్తకుంట్ల

రేడియోలో ఏం మాట్లాడినా జెర్రి యంత్రాలు వింటాయి కాబట్టి ఏ రోజు సంగతి ఆ రోజు కాగితం మీద రాసి పెట్టాలని ఆదేశం. పాత పుస్తకం అయిపోయింది. కొత్తది మొదలుపెట్టేటప్పుడు ముందు మా వివరాలు రాయాలి. నా పేరు మాబున్ని. వయసు నలభై ఒకటి. యుద్ధానికి ముందు ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. నాతో ఇద్దరున్నారు. ఓబులేసన్న జీపు నడుపుతాడు. దుర్భిణీ చూడటం, సంకేతాలు ఇవ్వడం సుంకమ్మ పని. కాగితాల్లో మమ్మల్ని ముందు తెర దళం అని రాస్తారు. జనం మాత్రం పారిపోయేవాళ్లు అంటారు.

ఈ రోజు ఇరవై రెండు ఇళ్లలో పొయ్యిలు వెలిగించాం. దండేల మీద తడి బట్టలు ఆరేశాం. ఊరి మోటరు రెండు గంటలు నడిపాం. నాలుగు రోజుల కిందటే ఊరివాళ్లను ఎర్రగుట్ట క్యాంపుకు పంపేశాం కనుక ఊళ్లో మేం తప్ప ఎవరూ లేరు. ఆ సంగతి జెర్రులకు తెలియకూడదు. అవి వెచ్చదనం ఉన్న చోటుకు వస్తాయి. ఊరు చల్లగా కనిపిస్తే పక్కకు తిరిగి మనుషులున్న చోటు వెతుక్కుంటాయి. యుద్ధం మొదలుపెట్టిన రెండు పక్షాలూ సంధి మీద సంతకాలు చేసి ఏడేళ్లయింది. ఆ మాట ఈ యంత్రాలకు చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ప్రతి ఇంటి పొయ్యికీ ఒక గుణం ఉంటుంది. మూలింట్లో పొగ ఎదురు తంతుంది. బడి పక్కింట్లో ఒక్క పుల్లకే అంటుకుంటుంది. ఆ ఇల్లాళ్లను నేను సరిగా చూడనైనా లేదు, వాళ్ల వంటగదులు మాత్రం నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి మొదటి జెర్రి రెండు కిలోమీటర్ల దూరంలో కనిపించింది. జీపెక్కి వచ్చేశాం. దీంతో ఈ నెలలో మూడు ఊళ్లు ఇచ్చేశాం. మా దగ్గర ఇవ్వడం అనే అంటారు, ఓడిపోవడం అనరు. ఓబులేసన్న వెనక్కి చూడకుండా జీపు నడిపాడు. అతను మూడేళ్ల కిందట, జెర్రులను ఆపడానికి ఉత్తరాన కట్టిన గోడ మీద పనిచేశాడు. తొమ్మిది వందల మంది అక్కడి నుంచి కదలకుండా నిలబడ్డారు. జెర్రులన్నీ ఒక్కచోటికే చేరాయి. గోడ ఒక్క పూటలో పోయింది. బతికినవాళ్లు అరవై మంది.

రెండో రోజు, రాళ్లమిట్ట

ఇది నాపరాయి తవ్వుకునే ఊరు. ఊరికి తూర్పున ఒక గుంత, పడమరన ఒక గుంత ఉన్నాయి. రెండూ ఎన్నో ఏళ్లుగా తవ్వినవి, అడుగు చూడాలంటే కళ్లు తిరుగుతాయి. మధ్యలో నూట నలభై గడపలు, ఒకే రోడ్డు.

ఇక్కడ మాట్లాడాల్సింది ఈరమ్మతో అని ముందే చెప్పారు. అరవై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లు గుంతలో రాయి మోసి, ఇప్పుడు ఆడవాళ్ల సంఘానికి పెద్ద. లారీలు వచ్చాయనీ, సాయంత్రానికల్లా అందరూ కదలాలనీ చెప్పాను. ఎన్ని రోజులని అడిగింది. మాకు నేర్పిన జవాబు ఒకటుంది. పది రోజులన్నాను.

"పది రోజులని కొత్తకుంట్లోళ్లకు గూడా చెప్తివంట. అంతకు ముందు ఊరోళ్లకు గూడా చెప్తివంట. వాళ్లంతా యాడుండారు ఇప్పుడు?"

క్యాంపులో ఉన్నారని చెప్పాను. ఆమె లోపలికి పోయి దుప్పట్లు మూటగట్టుకుంది. ఆమె కదిలితే ఊరు కదిలింది. తిట్టినవాళ్లు తిట్టారు. ఒకతను లారీ వెనక నిలబడి, సైన్యం అంటే ముందుకు పోయేదనుకున్నానే అని ఓబులేసన్న మొహం మీదే అన్నాడు. ఓబులేసన్న అతని మంచం లారీలోకి ఎక్కించి తాడు బిగించాడు.

మూడో రోజు, రాళ్లమిట్ట

పొద్దున్నే ఇరవై ఆరు పొయ్యిలు. తొమ్మిదింటికి మా పై అధికారి మేజర్ మద్దిలేటి ఒక్కడే మోటరుసైకిల్ మీద వచ్చాడు. వారం రోజులుగా పడుకోనట్టున్నాడు. నేను ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

మేం ఎందుకు వెనక్కి నడుస్తున్నామో ఈ రోజు మొదటిసారి పూర్తిగా చెప్పాడు. జెర్రులను ఎన్నిటిని పగలగొట్టినా లాభం లేదు. వాటికి కరెంటు పెట్టేది, పాడైతే బాగుచేసేది వెనకాల వచ్చే తల్లి బండి. మనం వెనక్కి పోతున్నకొద్దీ జెర్రులు సాగి ముందుకొస్తాయి. దూరం పెరిగితే తల్లి బండి కూడా కదిలి రాక తప్పదు. నెల రోజులుగా ఊళ్లు ఇచ్చింది దాన్ని ఉత్తరాన ఉన్న కాలువ దాటించడానికే. నిన్న అది కాలువ దాటింది. నలభై ఫిరంగి బండ్ల దళం పడమటి గుంత వెనక పదిహేను రోజులుగా కదలకుండా దాక్కుని ఉంది. తల్లి బండి రాళ్లమిట్ట రోడ్డులోకి వచ్చిందంటే రెండు పక్కలా గుంతలే, తిరగడానికి చోటుండదు. అప్పుడు పక్కనుంచి కొడతారు.

"అయితే ఊరు?" అని అడిగాను.

"ఊరు ఉండదు."

నేను పది రోజులని చెప్పి పంపానన్నాను. వాళ్లకు తెలియనివ్వొద్దన్నాడు. తెలిస్తే సామాన్ల కోసం పరిగెత్తుకొస్తారు, సామాన్లతో మళ్లీ పోయేవాళ్ల వెంట జెర్రులూ తల్లి బండీ పక్కకు తిరిగిపోతాయి. నెలరోజుల పని పాడవుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. మేం ఇచ్చిన మొదటి ఊరు అతనిదేనని సుంకమ్మ తర్వాత చెప్పింది.

నాలుగో రోజు, రాళ్లమిట్ట

జెర్రులు రాలేదు.

ఉత్తరాన ఐదు కిలోమీటర్ల దూరంలో ఆగాయి. పొద్దుటి నుంచి కదల్లేదు. పొయ్యిలు రెండింతలు చేశాం, మోటరు నాలుగు సార్లు వేశాం. సాయంత్రం ఐదింటికి సుంకమ్మ దుర్భిణీ దించి నన్ను పిలిచింది. ముందు వరసలో పన్నెండు జెర్రులు తూర్పుకు తిరిగి నిలబడ్డాయంది. తూర్పున ఉన్నది ఎర్రగుట్ట. అక్కడ నాలుగు ఊళ్ల జనం, రెండు వేల మందికి పైగా ఉన్నారు.

పొయ్యి వెలిగి మనిషి తిరగని ఊళ్లను అవి మూడింటిని చూశాయి. నేర్చుకున్నాయి. అంత పెద్ద ఊళ్లో ముగ్గురం ఎంత తిరిగినా ముగ్గురిమే.

మద్దిలేటి దగ్గరికి ఓబులేసన్నను చీటీతో పంపాను. దళంలోంచి యాభై మందిని ఇవ్వగలరా అని అడిగాను. నలభై బండ్లకు చాలినంత మందే లేరని జవాబు. చీటీలో ఇంకో మాట కూడా రాశాను. ఊరివాళ్లనే అడుగుతాను, వచ్చేవాళ్లు వస్తారు, ఒక్క పూట ఊళ్లో తిరిగి వెళ్లిపోతారు అని. దానికి అతను ఒప్పుకోలేదు. జనాన్ని ఎరగా వేసే పని నా చేత చేయించొద్దు అని రాశాడు. నేను ఆ చీటీని రెండుసార్లు చదివి, అడగొద్దని అతను రాయలేదని ఓబులేసన్నతో అన్నాను. ఓబులేసన్న జీపు తాళాలు తీశాడు.

ఐదో రోజు, ఎర్రగుట్ట క్యాంపు

తెల్లవారేసరికి క్యాంపులో ఉన్నాం. ఈరమ్మ నీళ్ల ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి ఉంది. పక్కకు రమ్మంటే రాలేదు. చెప్పేదేదో ఇక్కడే చెప్పమంది. వరసలో సగం రాళ్లమిట్టవాళ్లే.

"అత్తా, పది రోజులని నేను చెప్పింది అబద్ధం."

"అది తెలుసు. ఎన్ని రోజులో చెప్పు."

"రోజుల లెక్క కాదు. ఊరే ఉండదు. మనోళ్లే కొడతారు, దాన్ని ఆడ ఆపి."

వరస కదలడం ఆగిపోయింది. నేను మిగతాదంతా చెప్పాను. తల్లి బండి సంగతి, తూర్పుకు తిరిగిన జెర్రుల సంగతి, అవి ఇక్కడికే వస్తాయన్న సంగతి, మాకు మనుషులు కావాలన్న సంగతి. బడి కూడా పోతుందా అని ఒకామె అడిగింది. పోతుందన్నాను. ఈరమ్మ బిందె కింద పెట్టింది.

"ఈ మాట ఆ పొద్దు ఎందుకు చెప్పల్యా?"

"ఆ పొద్దు నాకే తెలీదు. తెలిసినాక చెప్పొద్దన్నారు."

"మరి ఇప్పుడెందుకు చెప్తాండావు?"

"మీతో పని పడింది."

"ఇది మాత్రం నిజం చెప్తివి," అంది.

తర్వాత రెండు గంటలు జరిగిందంతా నేను రాయలేను. ఒకరు ఏడ్చారు, ఒకరు నా మీద మట్టి విసిరారు. ఇల్లు కట్టి ఏడాది కూడా కాలేదని ఒకతను నా ముందు కూర్చుని గది గదికీ కొలతలు చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను. అంతకంటే నేను చేయగలిగింది లేదు. మొదట లేచింది ఉరుకుందు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, గుంతలో క్రేను నడిపేవాడు, ఒంటరివాడు. క్యాంపులో తొమ్మిది మందితో ఒక గుడారంలో ఉన్నాడట. ఒక పగలు తన ఇంట్లో తను ఉండొచ్చంటే వస్తానన్నాడు. నడవలేనివాళ్లూ పిల్లలున్నవాళ్లూ వద్దని ఈరమ్మే తీసేసింది. ఆమెతో కలిపి ముప్పై ఒక్క మంది తేలారు.

ఎట్లా బయటపడతామని ఆమె అడిగింది. దక్షిణం రోడ్డున లారీల్లో అని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ముప్పై మంది ఒకేసారి లారీ ఎక్కేలోపల జెర్రులు రోడ్డెక్కుతాయంది. తూర్పు గుంత గోడకు పాతకాలం మెట్లున్నాయి. క్రేన్లు రాకముందు రాయి మోసేవాళ్లు దిగినవి, అరవై నాలుగు మెట్లు. అడుగున బండిబాట ఉంది, అది అవతలి గట్టుకు ఎక్కుతుంది. మా మ్యాపులో ఆ మెట్లు లేవు.

వెళ్లేముందు మద్దిలేటికి ఇంకో చీటీ పంపాను. ముప్పై ఒక్క మంది ఇష్టపడి వస్తున్నారు, అందరూ అవతలి గట్టు ఎక్కగానే సుంకమ్మ ఎర్రపొగ వదులుతుంది అని. జవాబు రెండు గంటల తర్వాత వచ్చింది. తల్లి బండి బడి దగ్గరికి వస్తే పొగ కనిపించినా కనిపించకపోయినా కొట్టాలని పై ఆదేశం. అది వచ్చేవాళ్లందరికీ చెప్పు. అంతే రాశాడు. చెప్పాను. ఎవరూ వెనక్కి పోలేదు.

ఆరో రోజు

ఈ పేజీ మర్నాడు రాస్తున్నాను.

ఏడింటికి లారీలు పట్టపగలే, అందరికీ కనిపించేలా, ఊళ్లోకి వచ్చాయి. దిగినవాళ్లు కాసేపు ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఊరికే నిలబడ్డారు. నేను ఏదేదో ఊహించుకున్నాను. అట్లాంటిదేమీ జరగలేదు. పావుగంటలో ఊరు మామూలుగా అయిపోయింది. కట్టెలు లేవని ఒకామె పక్కింటికి పోయింది. మోరీ నీళ్లు తన గుమ్మం ముందుకు వస్తున్నాయని ఒకతను, అది నీ తాత తవ్విన మోరీయేనని ఎదురింటతను గొంతులు పెంచారు. ఎన్నేళ్లుగానో ఉన్న తగువట. ఈరమ్మ వచ్చి ఇద్దరినీ ఆపలేదు. ఈ ఒక్క పూట కానీ అని నాతో అంది. ఒక ముసలి జంట భోంచేసి తలుపు దగ్గరికి వేసి మధ్యాహ్నమంతా పడుకున్నారు.

ఈరమ్మ ఇంట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించింది. ఇల్లంతా కడిగింది. నేను చీర కొంగు దోపుకుని నీళ్లు పోస్తున్నాను. ఎందుకత్తా అని అడగాలనుకుని అడగలేదు. ఆమే చెప్పింది. "మురికి ఇల్లు కూలిందనిపించుకోవల్సిన పని లేదు."

పదకొండింటికి జెర్రులు మావైపు తిరిగాయి. ఒంటిగంటకు ముందు వరస రెండు కిలోమీటర్లకు వచ్చింది. సుంకమ్మ తూర్పు గట్టుకు వెళ్లిపోయింది. తల్లి బండి వాటి వెనక కదిలింది. నెల రోజులుగా దాని పేరు వినడమే. అప్పుడు చూశాను. రెండంతస్తుల మేడంత ఉంది.

రెండున్నరకు ఇళ్లలోంచి జనాన్ని తీశాం. మెట్లు ఒక్కొక్కరు దిగాల్సినవి, అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఈరమ్మ ముందు నిలబడి ఏ మెట్టు వదులో చెబుతూ దించింది. నేను మధ్యలో ఉన్నాను. ఓబులేసన్న పైన నిలబడి తలలు లెక్కపెట్టాడు. ముప్పై వచ్చాయి. ఉరుకుందు లేడు.

నేను మెట్లెక్కి పైకొచ్చేసరికి ఓబులేసన్న అప్పటికే వీధిలోకి పరిగెత్తుతున్నాడు. ఊరి ఆ కొసన మొదటి జెర్రి కనిపించింది. దాని వెనక, అప్పుడే బడి దగ్గరికి చేరిన తల్లి బండి. కొట్టే సమయం అదే. నేను పడమటి గుంత వైపు చూస్తూ నిలబడ్డాను. ఒక్క గుండూ పేలలేదు.

ఓబులేసన్న అతన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. ముగ్గురం మెట్లు దిగి, అడుగున పరిగెత్తి, బండిబాట ఎక్కాం. అవతలి గట్టు మీద కాలు పెట్టగానే సుంకమ్మ ఎర్రపొగ వదిలింది. పొగ పూర్తిగా లేవకముందే పడమర నుంచి మొదలైంది.

తల్లి బండి పడిపోయింది. ఊరు దాని మీద పడింది. నలభై నిమిషాలు. తర్వాత జెర్రులు ఒక్కొక్కటే ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈరమ్మ గట్టు మీద కూర్చుని మొత్తం చూసింది. కొంతమంది చూడలేక అటు తిరిగి కూర్చున్నారు.

ఏడో రోజు, ఎర్రగుట్ట

తల్లి బండి బడి దగ్గరికి వచ్చినప్పటి నుంచి మొదటి గుండు పేలేదాకా పదకొండు నిమిషాలు గడిచాయని సుంకమ్మ గడియారం చూసి రాసిపెట్టింది. ఆ పదకొండు నిమిషాల్లో పక్కకు పోయిన మూడు జెర్రులకు గుంత వెనకున్న బండ్లు కనిపించాయి. మన బండ్లు మూడు కాలిపోయాయి. ఏడుగురు చనిపోయారు.

మద్దిలేటిని పైవాళ్లు పిలిపించారు. వెళ్లేముందు నా పుస్తకం అడిగాడు. ఆరో రోజు పేజీ నిలబడే చదివాడు. ఆలస్యమైన మనిషి పేరు చోట ఒక మనిషి అని రాసి ఉంది అప్పటికి. అట్లాగే ఉంచమన్నాడు. "ఆగమని చెప్పింది నేను. వాళ్లకు కావలసింది నా పేరే," అన్నాడు. అతని దళంలోవాళ్లు కొందరు నన్ను పలకరించారు. కొందరు పలకరించలేదు. వాళ్లను తప్పుపట్టలేను. రమ్మని అడిగింది నేనే.

తొమ్మిదో రోజు, ఎర్రగుట్ట

క్యాంపులో జనం నిన్నటి నుంచి మమ్మల్ని వేరేగా చూస్తున్నారు. ఒకామె ఓబులేసన్నకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. పడమర నుంచి ఇంకో తల్లి బండి వస్తోందని వార్త. రేపు మేం చింతగట్టు అనే ఊరికి వెళ్లాలి. ఈరమ్మ మాతో వస్తానంది. ఆ ఊరివాళ్లకు నువ్వు చెప్పే మాట కంటే నేను చెప్పేది వింటారు, నాకు ఇప్పుడు ఊరు లేదు గనుక అంది. కాదనలేకపోయాను.

పదింటికి ఉరుకుందు వచ్చాడు. రెండు రోజులుగా కనిపించలేదు. పడమటి దళం దగ్గరికి నడుచుకుంటూ పోయాడట. నా ఎదురుగా కింద కూర్చున్నాడు.

"రాసుకునే పుస్తకం నీ దగ్గరే ఉందంట గదా పాపా. నా పేరు రాయి."

మేజర్ వద్దన్నాడని చెప్పాను. ఆయన వద్దంటే ఆయన మంచితనం, అది నాకు చాలదు అన్నాడు. ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు చెప్పాడు. అందరితో పాటే బయటికొచ్చాడు. సగం వీధి నడిచాక ఇంటికి తాళం వేయలేదని గుర్తొచ్చింది. వెనక్కి పోయాడు. తాళం చెవి దొరకలేదు, వెతికాడు. దొరికాక తాళం వేశాడు, లాగి చూశాడు. ఓబులేసన్న వచ్చేదాకా, ఎందుకు వేస్తున్నానన్న ఆలోచనే రాలేదట. ముప్పై ఏళ్లుగా బయటికి పోతే చేసే పని, చెయ్యి చేసేసింది.

"ఎందుకు ఆగినారో ఆ చచ్చిపోయిన పిల్లోళ్ల ఇండ్లల్లో అడుగుతారు పాపా. ఒక మనిషి కోసం అని చెప్తే, యా మనిషి అంటారు. వాళ్లకు ఎవురో ఒకరు కనపడాల."

తిట్టాలనుకుంటే మిమ్మల్నే తిడతారు అన్నాను. తిట్టనీ అన్నాడు.

ఆరో రోజు పేజీ తీసి ఒక మనిషి అన్నది కొట్టేసి అతని పేరు రాశాను. పక్కన పదకొండు నిమిషాలు మేజర్ ఆగాడనీ, జనాన్ని తెచ్చింది నేననీ రాశాను. అది కూడా నిజమే కదా. ఉరుకుందు కదల్లేదు. చనిపోయిన ఏడుగురి పేర్లూ ఊళ్లూ అతను దళంలో అడిగి తెలుసుకున్నాడు. చదువు రాదు కాబట్టి రెండు రోజులుగా మనసులోనే అనుకుంటూ వచ్చాడు. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పాడు. నేను రాశాను. మధ్యలో ఒకచోట ఆగి, మళ్లీ మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చి అందుకున్నాడు.

అంతా రాశాక చదవమన్నాడు. ఏడు పేర్లూ చదివాను. ఐదో పేరు దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"తాటిమాకుల కాదు పాపా. తాటిమాకులపల్లె. తాటిమాకుల వేరే ఊరు. వాళ్లమ్మ ఉండేది పల్లెలో."

దిద్దాను. మళ్లీ చదవమన్నాడు, మొదటి నుంచి.